ఇంగ్లిష్ క్లాసులో తెలుగు ఎంత, ఎప్పుడు, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లిష్ చెప్పడంతో నా పని మొదలైంది. ఇప్పుడు విజయవాడలో డిగ్రీ పిల్లలకు చెబుతున్నాను. వేసవి సెలవుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు వచ్చి కూర్చుంటారు. ఊరు మారింది, చాక్‌పీసు పోయి మార్కర్ వచ్చింది, అడిగే ప్రశ్నలు మాత్రం అవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి. ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఇంగ్లిష్ టీచర్ క్లాసులో తెలుగు మాట్లాడితే తప్పా?

తప్పేం లేదు. ఎందుకు మాట్లాడుతున్నారన్నది చూసుకోవాలి. "ఆల్దో" అనే మాట ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లోనే వివరించాలని పది నిమిషాలు తంటాలు పడితే చివరికి ముందు బెంచీ వాళ్లకే అర్థమవుతుంది. "వర్షం పడుతున్నా వచ్చాడు అంటాం కదా, ఆ 'పడుతున్నా'లో ఉన్న దీర్ఘమే ఇది" అంటే అరనిమిషంలో తేలిపోతుంది. మిగిలిన సమయమంతా పిల్లల చేత ఆ మాటతో వాక్యాలు చెప్పించండి. అప్పుడు మీరు మాట్లాడిన తెలుగు ఇంగ్లిష్‌కే పనికొచ్చినట్టు. అలా మిగిలిన టైమును నిన్నటి మ్యాచ్ కబుర్లకు ఖర్చు పెడితే దండగ. గంట కొట్టాక నేను వేసుకునే లెక్క ఒకటే: ఇవాళ పిల్లల నోట ఎన్ని ఇంగ్లిష్ వాక్యాలు వచ్చాయి?

మరి "ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పాలి" అని అందరూ అంటారే, అది ఎక్కణ్ణుంచి వచ్చింది?

1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ అనే ఊళ్లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ భాషల స్కూలు పెట్టాడు. ఫ్రెంచి చెప్పడానికి ఆయన కుదుర్చుకున్న మాస్టారికి ఇంగ్లిష్ రాదట. విధిలేక సైగలతో, వస్తువులు చూపిస్తూ ఫ్రెంచిలోనే చెప్పాడట, పిల్లలకు బాగా వచ్చిందట. ఆ సంస్థ చెప్పుకునే కథ ఇది. ఒకే గదిలో పది భాషల వాళ్లు కూర్చుంటే అంతకన్నా మార్గం కూడా ఉండదు. తర్వాత 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్త్ దేశాల సమావేశం జరిగింది. ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్ ద్వారానే నేర్పడం మేలన్న అభిప్రాయం అక్కడి నుంచి చాలా దేశాల టీచర్ ట్రైనింగుల్లోకి పాకింది. 1992లో భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ దాన్ని తీసుకుని, ఇది రుజువైన సత్యం కాదు, ఒక భ్రమ అని విమర్శించాడు. మన క్లాసులో టీచరుకూ తెలుగు వచ్చు, పిల్లలకూ వచ్చు. బెర్లిట్జ్ మాస్టారి ఇబ్బంది మనకు లేదు. లేని ఇబ్బందిని కొని తెచ్చుకోవడం దేనికని నాకనిపిస్తుంది.

మా నాన్నగారి కాలంలో అంతా తెలుగులోనే చెప్పేవారు. మళ్లీ ఆ పద్ధతికే వెళ్లమంటారా?

అబ్బే, లేదు. ఆ పద్ధతి నేనూ విన్నాను. "దేర్ వాజ్ అనగా ఉండెను, ఎ కింగ్ అనగా ఒక రాజు, వెరసి ఒక రాజు ఉండెను." శతక పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు నలభై నిమిషాలూ సాగేది. పిల్లలు తల ఊపడం, వెనకాల మార్జిన్లో పెన్సిల్‌తో తెలుగు రాసుకోవడం తప్ప నోరు తెరిచే పనే ఉండేది కాదు. అలా చదివి బి.ఎ. ప్యాసైన వాళ్లలో మంచి ఉత్తరాలు రాయగలిగిన వాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రైల్లో పక్క సీటు పెద్దమనిషి ఇంగ్లిష్‌లో పలకరిస్తే కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఒకళ్లు ఇంగ్లిష్ మీడియం అంటారు, కొత్త విద్యా విధానం మాతృభాష అంటుంది. ఇంగ్లిష్ టీచర్‌గా నేను ఏది పట్టుకోవాలి?

ఆ గొడవ లెక్కలు, సైన్సు, సోషల్ ఏ భాషలో చెప్పాలన్న దాని గురించి. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు మాతృభాషలో చెప్పమంటోంది. మన రాష్ట్రంలో 2019 నవంబరులో ఇంగ్లిష్ మీడియం కోసం 81వ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ తర్వాత కూడా వాదన ఆగలేదు. మీరు చెప్పేది ఇంగ్లిష్ అనే సబ్జెక్టు. మీడియం ఏదైనా మీ పీరియడ్‌లో పిల్లవాడికి ఇంగ్లిష్ రావాలి, అందుకు తెలుగు ఎక్కడ సాయపడుతుందో అక్కడ వాడుకోవాలి. మీడియం మీద నా అభిప్రాయం నాకుంది, అది ఇక్కడ అనవసరం.

నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం. నా తెలుగే అంతంతమాత్రం. ఏం చేయను?

పిల్లల్నే అడగండి. "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని టీచర్ అడిగితే క్లాసు లేచి కూర్చుంటుంది. నాలుగు సమాధానాలు వస్తాయి, వాటిలో ఏది సరైనదో వాళ్లే కొట్టుకుంటారు. ఆ కొట్లాటలో ఇంగ్లిష్ మాట అర్థం మరింత గట్టిపడుతుంది.

## మొదటి వారాలు

మొదటి రోజు ఏ భాషలో మాట్లాడాలి?

పలకరింపు ఇంగ్లిష్‌లో, భరోసా తెలుగులో. పల్లెటూరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లకు మొదటి గంటలోనే ఇంగ్లిష్ వరదలా మీద పడితే రెండో రోజు చివరి బెంచీలో కూర్చుంటుంది. "తప్పులు మాట్లాడండి, ఏం ఫర్లేదు, ఈ గదిలో ఎవరూ నవ్వరు" అన్న మాట తెలుగులోనే చెప్పండి. అర్థం కాని భాషలో ధైర్యం చెబితే ధైర్యం రాదు.

"ఒక్క ముక్క అర్థం కావట్లేదు సార్" అంటున్నారు. ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పాలా?

ఆ పని మాత్రం చేయకండి. ప్రతి ఇంగ్లిష్ వాక్యం వెంటా తెలుగు వస్తుందని తెలిశాక పిల్లలు ఇంగ్లిష్ వినడం మానేస్తారు. వాళ్ల తప్పు కాదు. కింద తెలుగులో రాసుంటే సినిమాలో ఇంగ్లిష్ డైలాగు ఎవరు వింటారు?

దీనికి మంచి చిట్కా ఉంది. వేల్స్‌లో పనిచేసిన సి.జె. డాడ్సన్ 1967లో వివరించిన పద్ధతి నుంచి వచ్చింది. ముందు ఇంగ్లిష్ వాక్యం చెప్పాలి. వెంటనే కాస్త గొంతు తగ్గించి, పక్కవాడికి గుసగుసగా చెప్పినట్టు తెలుగు అర్థం ఒక్కసారి. మళ్లీ మామూలు గొంతుతో ఇంగ్లిష్. "ఐ రాన్ అవుట్ ఆఫ్ మనీ." డబ్బులైపోయాయి. "ఐ రాన్ అవుట్ ఆఫ్ మనీ." చివరికి చెవిలో మిగిలేది ఇంగ్లిష్ కావాలి. మర్నాడు అదే మాట వస్తే తెలుగు చెప్పొద్దు, "నిన్న చెప్పుకున్నాం" అన్నట్టు చూసి ఊరుకోండి. ఒక మాటకు ఒకసారే తెలుగు అని తెలిస్తే ఆ ఒక్కసారీ చెవులు రిక్కించి వింటారు.

"పుస్తకాలు తెరవండి, జట్లుగా కూర్చోండి" లాంటివి కూడా తెలుగులో చెప్పొచ్చా?

వద్దు. రోజూ చెప్పే పాతిక ముప్ఫై మాటలు ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉండాలి. చేత్తో చూపిస్తే వారంలో అలవాటైపోతాయి, ఖర్చు లేకుండా వచ్చే ఇంగ్లిష్ ఇదే. కొత్త రకం ఆట ఆడించేటప్పుడు మాత్రం నియమాలు తెలుగులో చెప్పేయండి. లేకపోతే ఆట కన్నా నియమాలకే ఎక్కువసేపు పడుతుంది.

క్లాసులో అందరి ఇంటి భాష తెలుగు కాదు. ఉర్దూ వాళ్లు, మార్వాడీలు, తండాల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. అప్పుడెలా?

విజయవాడ వన్‌టౌన్‌లో చెప్పినప్పుడు నాకు ఇదే పరిస్థితి. తెలుగు ఆ పిల్లలందరికీ అర్థమవుతుంది కాబట్టి పని నడిచిపోతుంది, కానీ అర్థం కావడం వేరు, మనసులో ఆలోచించుకునే భాష వేరు. పల్నాడు తండా నుంచి హాస్టల్‌కు వచ్చిన లంబాడీ పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. అలాంటి పిల్లలు ఇద్దరుంటే పక్కపక్కన కూర్చోబెట్టి వాళ్ల మాటలో చర్చించుకోనివ్వండి. టీచరుకు ఆ భాష రాకపోయినా ఫర్లేదు. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అందరి ముందూ అడిగితే ఆ పిల్ల ఆ రోజంతా నిటారుగా కూర్చుంటుంది. ఇలా నేర్చుకునే వాళ్లకున్న భాషలన్నిటినీ పనిలోకి దింపడానికి ఇవాళ ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అని పెద్ద పేరుంది. ఆ మాట కూడా మొదట 1994లో వేల్స్‌లో కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త వెల్ష్ భాషలో పుట్టించిందే.

గవర్నమెంటు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. పిల్లలు తెలుగు పేజీయే చదివేస్తున్నారు. ఎలా?

వాళ్ల స్థానంలో ఉంటే మనమూ అదే చేసేవాళ్లం. తెలుగు పేజీ చదవొద్దని చెప్పకండి, దాన్ని ముందురోజు ఇంటి పనిగా ఇచ్చేయండి. కథ, విషయం తెలిసిపోయాక క్లాసులో తెలుగు పేజీని మడతపెట్టించి ఇంగ్లిష్ పేజీ మీద పని చేయించండి. "కిరణజన్య సంయోగక్రియ అన్న మాట ఎదుటి పేజీలో ఎక్కడుందో, దాన్ని ఏమన్నారో వెతకండి" అంటే వేటలా ఉంటుంది. విషయం ముందే తెలిస్తే భాష మీద దృష్టి నిలుస్తుంది.

## మాటలు, అర్థాలు

కొత్త మాటకు తెలుగు అర్థం చెప్పాలా, బొమ్మ చూపించాలా?

బల్ల, చెట్టు, గొడుగు లాంటి వాటికి బొమ్మ చాలు. "జెలసీ", "రిలక్టెంట్" లాంటి వాటికి బొమ్మ గీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది, తెలుగు చెప్పేయండి. అసలు చిక్కు ఒక మాటకు ఒక మాట సరిపోనప్పుడు వస్తుంది, పాఠం కూడా అక్కడే పండుతుంది.

గుంటూరులో ఒకసారి "రైస్" అంటే ఏంటని అడిగాను. ఒకడు అన్నం అన్నాడు, ఒకడు బియ్యం అన్నాడు, రైతు బిడ్డ ఒకడు లేచి "వడ్లు కూడా సార్" అన్నాడు. మనకు పొలంలో వరి, కల్లంలో వడ్లు, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. ఇంగ్లిష్ వాడికి చాలావరకు అంతా రైసే, పొలంలో ఉన్నదాన్నీ పొట్టుతో ఉన్నదాన్నీ ప్యాడీ అంటాడు. రెండో ఉదాహరణ "హాట్". కారంగా ఉన్నా హాటే, వేడిగా ఉన్నా హాటే. గుంటూరు పిల్లవాడు హోటల్లో "నాట్ హాట్" అని అడిగితే చల్లారిన పప్పు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే కారానికి "స్పైసీ" నేర్పాలి. తిరగేసి చూస్తే మన "వేయి" ఇంకా ఘోరం: ఉప్పు వేయి, ఫ్యాన్ వేయి, తలుపు వేయి, చొక్కా వేసుకో, ముగ్గు వేయి. ఒక్కో దానికి ఇంగ్లిష్‌లో ఒక్కో క్రియ. "పుట్ ద ఫ్యాన్" ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకే తెలిసిపోతుంది. ఈ జాబితా నేనివ్వను, వాళ్ల చేతే రాయిస్తాను. పదిహేను దాకా తెస్తారు.

మనం మాట్లాడే తెలుగులోనే సగం ఇంగ్లిష్ ఉంది కదా. అది ఉపయోగపడుతుందా?

చాలా. ఏమీ రాదనే పిల్లవాడికి అప్పటికే వందల ఇంగ్లిష్ మాటలు తెలుసు: ఛార్జర్, డ్రైనేజీ, టెన్షన్, బ్యాలెన్స్, సెకండ్ హ్యాండ్. మొదటి వారం ఇంటి నుంచి ఇలాంటివి యాభై రాసుకు రమ్మంటే ధైర్యం దానంతటదే వస్తుంది.

కాకపోతే మన దగ్గరికొచ్చి అర్థం మార్చుకున్న మాటలున్నాయి. "వాడు ఫీలయ్యాడు" అంటే మనకు బాధపడ్డాడని, ఇంగ్లిష్‌లో "హీ ఫెల్ట్" అని ఆపితే ఏమనిపించిందో చెప్పలేదేమని ఎదుటివాడు ఎదురుచూస్తాడు. "డౌట్ ఉంది సార్" అంటే మనకు ప్రశ్న, విదేశీయుడికి మీ మీద అపనమ్మకం. "బిల్డప్ ఇస్తున్నాడు" అన్నదాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి తీసుకెళితే ఎవరికీ అర్థం కాదు. ఇలాంటివాటికి గోడ మీద ఒక చార్టు పెట్టి, దొరికినప్పుడల్లా చేర్చుకుంటూ పోండి.

ఫోన్‌లో అనువాదం చూసుకోనివ్వొచ్చా?

ఒక్క మాటకైతే చూసుకోనివ్వండి. పేరాలు పేరాలు పెట్టి తెచ్చుకుంటే మాత్రం ఒప్పుకోవద్దు. అప్పుడప్పుడు ఫోన్ ఇచ్చిన అనువాదాన్నే బోర్డు మీద రాసి తప్పులు పట్టిస్తే అదే మంచి పాఠం.

## గ్రామర్ చెప్పేటప్పుడు

"డైలీ ఐ విల్ గో టు కాలేజ్" అంటారు. వందసార్లు దిద్దినా మారదు. ఎందుకు?

ఎందుకంటే తెలుగులో అది తప్పు కాదు. "రోజూ కాలేజీకి వెళ్తాను", "రేపు తిరుపతి వెళ్తాను". రెండింటికీ ఒకే "వెళ్తాను". ఇంగ్లిష్‌లో అలవాటుకు ఒక రూపం, రేపటికి ఇంకో రూపం. ఈ సంగతి తెలుగులో చూపించకుండా "సింపుల్ ప్రెజెంట్ వాడాలి" అని వందసార్లు చెబితే వందసార్లూ అదే తప్పు వస్తుంది. బోర్డు మీద "వెళ్తాను, తింటాను, చూస్తాను" అని తెలుగులో రాసి, ఒక్కోదానికి "రోజూనా, రేపా?" అని అడగండి. రోజూ అయితే "ఐ గో", రేపైతే "ఐ విల్ గో". నా క్లాసులో ఎవరైనా తప్పు చెబితే పక్కవాళ్లే "రోజూనా రేపా" అని అరుస్తారు, నేను దిద్దే పని తగ్గిపోయింది.

"సిన్స్ టెన్ ఇయర్స్" పోవడం లేదు. సిన్స్‌కీ ఫర్‌కీ తేడా తెలుగులో చెప్పే మార్గం ఉందా?

ఉంది, చాలా సులువు. తెలుగులో "2015 నుంచి" అంటాం, "పదేళ్ల నుంచి" అని కూడా అంటాం. రెండు చోట్లా "నుంచి" ఉంది కాబట్టి రెండు చోట్లా "సిన్స్" పెట్టేస్తున్నారు. ఇప్పుడు "నుంచి" తీసేసి "గా" పెట్టి చూడమనండి. "పదేళ్లుగా" బాగుంది. "మూడు రోజులుగా" బాగుంది. "2015గా"? "సోమవారంగా"? క్లాసు నవ్వుతుంది. "గా" అతికితే "ఫర్", అతక్కపోతే "సిన్స్". అయిదు నిమిషాల పని.

అదే వాక్యంలో రెండో తప్పు కూడా మన తెలుగు నుంచే వస్తుంది. "పదేళ్లుగా గుంటూరులో ఉంటున్నాను"లో "ఉంటున్నాను" చూసి "ఐ యామ్ స్టేయింగ్" అనేస్తారు. "ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ గుంటూర్ ఫర్ టెన్ ఇయర్స్" అన్నదాన్ని మొత్తం ఒక ముద్దగా నోటికి ఎక్కించండి, విడగొట్టి వివరించకండి.

"హీ డాక్టర్", "టు మీ టూ బ్రదర్స్" లాంటివి ఎలా మాన్పించాలి?

"ఆయన డాక్టరు" అన్నప్పుడు తెలుగులో క్రియ లేదు. "నాకు ఇద్దరు అన్నలున్నారు", "నా దగ్గర పెన్నుంది", "నాకు జ్వరంగా ఉంది". మూడు రకాల వాక్య నిర్మాణం, ఇంగ్లిష్‌లో మూడింటికీ "ఐ హావ్". ఇక్కడ నేను ఉల్టా చేస్తాను: ఇంగ్లిష్ వాక్యాన్ని మక్కీకి మక్కీ తెలుగులో చెబుతాను. "నేను కలిగి ఉన్నాను ఇద్దరు అన్నలను." "ఆయన ఉన్నాడు ఒక డాక్టరు." పడీ పడీ నవ్వుతారు. నవ్వాక ఇంగ్లిష్ వాడి వాక్యం ఏ వరసలో నడుస్తుందో మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ వంకర తెలుగును నోట్సులో రాయించొద్దు, నోటితో చెప్పి వదిలేయండి. పాపం తెలుగు మాస్టారు చూస్తే బాధపడతారు.

నామవాచకం, క్రియ అనాలా, నౌన్, వెర్బ్ అనాలా?

తెలుగు క్లాసులో ఏది విన్నారో దాన్ని ఒకసారి గుర్తుచేసి, తర్వాత నౌన్, వెర్బ్ అనే అనండి. పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు.

## పలకడం

ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటున్నారు. ఆపాలా?

మొదటి నెల ఆపొద్దు. స్పెల్లింగు చూసి పలకలేని భాష ఇంగ్లిష్, మనది రాసింది రాసినట్టు పలికే లిపి. ఆ మాత్రం ఊతం ఉండనివ్వండి. కానీ ఎక్కడ లిపి మోసం చేస్తుందో చెప్పాలి. "వైన్" అని రాస్తే ద్రాక్ష తీగో, సారాయో తెలియదు. ద్రాక్ష తీగకు పై పళ్లు కింది పెదవిని తాకాలి, రెండోదానికి "ఊ" అన్నప్పటిలా పెదవులు ముందుకు రావాలి. "ఇయర్" అంటే చెవో, సంవత్సరమో మన నోట ఒకేలా వినిపిస్తుంది.

"క్యాట్", "బ్యాంక్" అని య-వత్తు పెట్టి రాస్తాం కాబట్టి మధ్యలో యకారం పలుకుతారు. ఆ అచ్చు తెలుగులో లేదని చాలా పుస్తకాల్లో ఉంటుంది. రాతలో లేదు కానీ మన కృష్ణా, గుంటూరు మాటలో ఉంది! "చెప్పాడు" అని పైకి అనండి, తర్వాత "తిన్నాడు" అనండి. "తిన్నా"లోది మామూలు ఆ. "చెప్పా"లోది అది కాదు, నోరు కాస్త పక్కలకు సాగుతుంది. "వచ్చాడు" అన్నా అంతే. "క్యాట్"లో కావలసింది ఆ అచ్చే, కాస్త పొట్టిగా. ఇది చెప్పిన రోజు ఒకమ్మాయి "అంటే ఇన్నాళ్లూ ఇంట్లో ఇంగ్లిష్ అచ్చులే మాట్లాడుతున్నామా సార్" అంది.

## మాట్లాడించేటప్పుడు

గ్రూప్ డిస్కషన్ పెడితే రెండు నిమిషాల్లో అంతా తెలుగులోకి దిగిపోతారు. ఏం చేయాలి?

దిగనివ్వండి, కాకపోతే టైము పెట్టండి. మొదటి మూడు నిమిషాలు తెలుగులోనే పాయింట్లు ఏరుకోవాలి. కాగితం మీద రాసేది మాత్రం ఇంగ్లిష్ మాటలే. తర్వాత అయిదు నిమిషాలు ఇంగ్లిష్. చెప్పడానికి ఏమీ లేకుండా "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అంటే ఎవడు మాత్రం ఏం మాట్లాడతాడు?

పొద్దున ఆటోనగర్‌లో మెకానిక్ పని చేసి మధ్యాహ్నం కాలేజీకి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. గోళ్లలో నల్లటి ఆయిల్ మరక ఎప్పుడూ పోయేది కాదు. "మై వర్క్" మీద మాట్లాడమంటే "సర్, బైక్, ప్రాబ్లమ్, సో మెనీ" అని ఆగిపోయాడు. సరే, తెలుగులో చెప్పమన్నాను. బండి కదిలేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి క్లచ్ ప్లేట్లు అరిగాయా, చైన్ వదులైందా ఎలా పసిగడతాడో అయిదు నిమిషాలు ఆపకుండా చెప్పాడు. క్లాసు నోరు తెరుచుకుని వింది. వింటూ నేను బోర్డు మీద రాసుకున్నాను. వాడికి ఇంగ్లిష్ నామవాచకాలన్నీ వచ్చు: క్లచ్ ప్లేట్, స్ప్రాకెట్, ఇంజిన్ ఆయిల్, లీక్. లేనివి క్రియలు. బిగించడం, ఊడదీయడం, అరిగిపోవడం, వదులవడం. మనం ఇంగ్లిష్ మాటను తెచ్చుకుని చివర "చేయడం" తగిలిస్తాం కదా, అందుకే చాలామందికి క్రియల దగ్గరే నాలుక తడబడుతుంది. టైటెన్, రిమూవ్, వేర్ అవుట్, కమ్ లూజ్ అని నాలుగు ఇచ్చాను. రెండో విడత తప్పులతోనే ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడాడు. తెలుగు విడత లేకపోతే ఆ నాలుగు మాటలే వాడికి కావాలని నాకు తెలిసేది కాదు.

తెలుగు మాట్లాడితే ఫైన్ వేయొచ్చా?

నేను వేశాను, అనుభవించాను. గుంటూరులో కొత్తగా చెబుతున్న రోజుల్లో తెలుగు మాటకు రూపాయి అని డబ్బా పెట్టాను. రెండు రోజులు చిల్లర బాగానే పడింది. మూడో రోజు నుంచి క్లాసులో చప్పుడు లేదు. తెలుగూ లేదు, ఇంగ్లిషూ లేదు. అందరికన్నా ఎక్కువ వాగే అమ్మాయి కూడా తల వంచుకుని కూర్చుంది. వారం తిరక్కుండా డబ్బా తీసేసి ఆ డబ్బుతో అందరికీ పునుగులు తెప్పించాను.

"ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి" అంటారు. పిల్లలకు అది ఎలా నేర్పాలి?

నేర్పలేం. తెలుగులో ఆలోచించడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపాలనుకుంటే ఆలోచనే ఆగిపోతుంది. ఎక్కువగా వాడే వాక్యాలు నోటికి అలవాటైతే మధ్యలో తెలుగు దానంతటదే జారిపోతుంది. మాట గుర్తురానప్పుడు వాక్యం మొత్తం వదిలేయకుండా ఆ ఒక్క చోట తెలుగు మాట పెట్టి ముందుకు పొమ్మనండి. "ఐ వాజ్ స్టక్ ఎట్ బెంజ్ సర్కిల్ బికాజ్ ఆఫ్ ఊరేగింపు." నాకైతే ఇది మంచి వాక్యం. ఊరేగింపు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మా పిల్లలు ఇంగ్లిష్‌లో పెడసరంగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తోంది. తెలుగులో ఎంతో మర్యాదస్తులు. ఎందుకిలా?

మన మర్యాద "మీరు"లో, "అండి"లో, "కాస్త"లో ఉంటుంది. "కాస్త ఆ పెన్ను ఇస్తారా అండీ" అన్నదాన్ని మాటకు మాట మారిస్తే ఇవన్నీ రాలిపోయి "గివ్ మీ దట్ పెన్" మిగులుతుంది. ఇంగ్లిష్ మర్యాద "కుడ్ యు", "ప్లీజ్", "వుడ్ యు మైండ్"లో ఉంది. ఇది తెలుగుతోనే బాగా తెలుస్తుంది. పెన్ను తమ్ముణ్ణి ఎలా అడుగుతావు, పక్కింటి పిన్నిగారిని ఎలా అడుగుతావు, ప్రిన్సిపాల్‌గారిని ఎలా అడుగుతావు అని ముందు మూడు తెలుగు వాక్యాలు చెప్పించండి. తర్వాత ఒక్కోదానికి ఇంగ్లిష్ ఇవ్వండి.

ఇలాంటివే ఇంకో రెండు. వెళ్లేటప్పుడు మనం "వస్తాను" అంటాం, "వెళ్తాను" అంటే అపశకునం. "ఐ విల్ కమ్" అని చెప్పి వెళ్లిపోతే ఇంటర్వ్యూ బోర్డు అయోమయంలో పడుతుంది. ఇక "రేపు రావట్లేదా?" అంటే మనం "అవును, రావట్లేదు" అంటాం, ఇంగ్లిష్‌లో "నో, ఐయామ్ నాట్". మనం ఎదుటివాడి మాటను ఒప్పుకుంటున్నాం, వాళ్లు తమ జవాబును చెబుతున్నారు. ఫోన్ ఇంటర్వ్యూలో దీనివల్ల పెద్ద గందరగోళాలే జరుగుతాయి.

## తగ్గించేటప్పుడు, పరీక్షలప్పుడు

తెలుగు ఎంత శాతం ఉండాలి? ఎప్పటికి మానేయాలి?

శాతం లెక్క నా దగ్గర లేదు. ఒకే క్లాసులో సోమవారం గ్రామర్ పాఠానికి తెలుగు ఎక్కువ కావచ్చు, మంగళవారం కథకు అసలు అక్కర్లేకపోవచ్చు. పిల్లలు తమంతట తామే "సార్, ఇంగ్లిష్‌లోనే చెప్పండి, అర్థమవుతోంది" అనే రోజు వస్తుంది. అయితే అలసిపోయిన సాయంత్రం టీచరే బద్ధకించి తెలుగులోకి జారుకోవడం ఒకటుంది. నేనూ జారుతుంటాను. నెలకోసారి ఫోన్‌లో పావుగంట క్లాసు రికార్డు చేసుకుని వినండి. మన గొంతు మనకే చిరాకు పుట్టిస్తుంది, కానీ నిజం తెలుస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) బ్యాచ్‌లో కూడా తెలుగు వాడొచ్చా?

పరీక్షలో పనికిరాదు, తయారీలో పనికొస్తుంది. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. రెండో భాగంలో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆ నిమిషంలో తెలుగులో నోట్సు రాసుకుంటే మాట్లాడేటప్పుడు ప్రతి మాటా మార్చుకోవాల్సి వస్తుంది, కాబట్టి అక్కడ ఇంగ్లిష్ ముక్కలే రాయమనండి. రైటింగ్ రెండో టాస్కులో 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. వ్యాసం ఎందుకు తేలిపోయిందో, వాదన ఎక్కడ తెగిందో మాత్రం తెలుగులోనే చెబుతాను. అభిప్రాయాన్ని సాగదీసి చెప్పడం, కారణం చెప్పకుండా తీర్పు ఇచ్చేయడం ఆలోచనకు సంబంధించిన లోపాలు. అవి తెలుగులో చెబితేనే గుండెకు తగులుతాయి.

"ఇంత ఫీజు కట్టాం, టీచరేమో తెలుగులో చెబుతోందట" అని తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు. ఏం చెప్పాలి?

వాదించకండి. క్లాసుకు వచ్చి చివర పావుగంట కూర్చోమనండి, ఆ పావుగంటలో పిల్లల చేత మాట్లాడించండి. నాతో గట్టిగా పోట్లాడిన ఒక తండ్రి అలా కూర్చుని, వాళ్లమ్మాయి తన వీధి గురించి ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఫోన్ తీసి వీడియో తీసుకున్నాడు. తెలుగు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో కూడా పిల్లలతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటారా?

మీకు హాయిగా వస్తే మాట్లాడండి. రాకపోతే వచ్చీరాని ఇంగ్లిష్‌లో "కమ్, ఈట్, స్లీప్" అని మూడు ముక్కలతో సరిపెట్టకండి. కథలు, కోపాలు, బంధువుల కబుర్లు పోయి పిల్లవాడికి ఆజ్ఞలే మిగులుతాయి. అంతకన్నా రాత్రి అన్నాల దగ్గర "ఇవాళ ఇంగ్లిష్ పాఠంలో ఏం జరిగిందో నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. వాడు ఇంగ్లిష్‌లో అర్థం చేసుకుంటేనే తెలుగులో చెప్పగలడు, అర్థం కాని చోట నసుగుతాడు. ఎక్కడ నసిగాడో మర్నాడు టీచరుకు ఒక ముక్క చెబితే చాలు.